నిప్పు దొంగ, గొడ్డలి కాదు: ఆంగ్లో-శాక్సన్ల న్యాయంలో చాటుమాటు నేరాలు

ఇంగ్లండు దక్షిణ భాగంలోని వెస్సెక్స్ రాజ్యాన్ని ఏలిన ఈనె సుమారు 690 ప్రాంతంలో ప్రకటించిన చట్టాల్లో చెట్లకు సంబంధించిన నిబంధన ఒకటి ఉంది. పరాయి అడవిలో చెట్టుకు నిప్పు పెట్టినవాడు ఆ సంగతి బయటపడిన రోజున 60 షిల్లింగుల జరిమానా కట్టాలి. గొడ్డలితో నరికినవాడు మాత్రం చెట్టుకు 30 షిల్లింగుల చొప్పున మూడు చెట్లకు కడితే చాలు. నాలుగోది నరికినా నలభయ్యోది నరికినా ఆపైన ఒక్క పెన్నీ అడగకూడదు. ఈ తేడాకు కారణం చట్టంలోనే రాసి ఉంది: నిప్పు దొంగ; గొడ్డలి దొంగ కాదు, కబురు చెప్పేది. గొడ్డలి వేటు అడవి దాటి వినిపిస్తుంది కనుక, అది విని కూడా మూడు చెట్లు పడేదాకా రానివాడికి ఆపైన అడిగే హక్కు లేదని శాసనకర్త ఉద్దేశం కాబోలు. నిప్పు చడీచప్పుడు లేకుండా పని కానిస్తుంది.

పదకొండో శతాబ్దంలో నార్మన్లు వచ్చేదాకా ఇంగ్లండును ఏలిన ఆంగ్లో-శాక్సన్ల న్యాయం గురించి రాసేటప్పుడు సాధారణంగా పంటికింత, వేలికింత అని ధర కట్టిన పట్టికలతోనూ కాలిన ఇనుము పట్టించే పరీక్షలతోనూ మొదలుపెట్టి, అదొక అనాగరిక వ్యవస్థ అని తేల్చేయడం పరిపాటి. ఆ పట్టికలూ ఉన్నాయి, ఆ ఇనుమూ ఉంది. కానీ ఆ చట్టాలను వరుసగా చదివితే వాటిని నడిపిన ఆలోచన గొడ్డలి నిబంధనలోనే ఎక్కువగా దొరుకుతుంది. పోలీసులు లేని, నేరం జరిగిందని తెలిస్తే తనంత తాను దర్యాప్తు చేసే అధికారి లేని సమాజంలో బహిరంగంగా జరిగిన తప్పును సర్దుబాటు చేయవచ్చు. గుట్టుగా జరిగినదాన్ని సర్దుబాటు చేయడానికి ముందు అసలు ఎవరు చేశారో తెలియాలి. అందువల్ల ఆ న్యాయంలో నేరం ఎంత పెద్దదనేది జరిగిన నష్టంతో పాటు దాన్ని ఎంతగా దాచారనే దాని మీద కూడా ఆధారపడింది.

ఈ చట్టాల్లో మొదటిది ఇంగ్లండు ఆగ్నేయ మూలనున్న కెంట్ రాజ్యపు రాజు ఎథెల్‌బర్ట్‌ది. రోమ్ నుంచి అగస్టీన్ నాయకత్వంలో క్రైస్తవ ప్రచారకులు 597లో కెంట్‌కు వచ్చారు, రాజు 616లో మరణించాడు. చట్టం ఆ నడిమి కాలానిది. యూరప్‌లో అప్పటికి రాజులు చట్టాలను లాటిన్‌లో రాయించేవారు. ఎథెల్‌బర్ట్ మాత్రం తన ప్రజల ఇంగ్లీషులోనే రాయించాడు. మూలప్రతి పోయింది; ఐదు వందల ఏళ్ల తర్వాత, 1120ల్లో రోచెస్టర్‌లో ఎత్తిరాసిన ప్రతి ఒక్కటే మిగిలింది. మొదటి నిబంధన కొత్త మతానికి పెద్దపీట వేసింది. చర్చి సొమ్ము పోతే పన్నెండింతలు, బిషప్ సొమ్ము పోతే పదకొండింతలు, పూజారి సొమ్ముకు తొమ్మిదింతలు తిరిగి కట్టాలి. రాజు సొమ్ముకూ తొమ్మిదింతలే.

తర్వాతి భాగమంతా శరీరం. కన్ను పోతే 50 షిల్లింగులు, పాదం పోతే 50, చెవి తెగితే 12, వినికిడే పోతే 25. ముందు నాలుగు పళ్లలో ఒక్కోదానికి 6, వాటి పక్కదానికి 4, ఆ పక్కదానికి 3, మిగతావాటికి ఒక్కో షిల్లింగు. బొటనవేలికి 20, దాని గోరు ఊడితే 3, నడిమివేలికి 4, ఉంగరపువేలికి 6, చిటికెనవేలికి 11. వేళ్ల పేర్లు గమనించదగినవి. మనం చూపుడువేలు అన్నదాన్ని వాళ్లు బాణం వేసే వేలు అన్నారు, ఉంగరపువేలిని బంగారపు వేలు అన్నారు. ఇంత సూక్ష్మంగా లెక్క కట్టడానికి కారణం గాయాల మీద మోజు కాదు. దెబ్బ తిన్న కుటుంబం, కొట్టిన కుటుంబం నలుగురిలో ఎదురుబొదురుగా కూర్చున్నప్పుడు ఎంత అడగాలన్న దాని మీదే కొత్త గొడవ పుట్టకుండా, అంకె ముందే అందరికీ తెలిసి ఉండాలి. గాయం కనబడుతుంది, కొట్టినవాడు తెలుసు. ఇక మిగిలింది బేరమే, ఆ బేరాన్ని చట్టం ముందే తెంచేసింది.

ప్రాణానికీ ఇలాగే ధర ఉంది. దాన్ని వెర్‌గిల్డ్ అన్నారు, అంటే మనిషి వెల. కెంట్‌లో స్వతంత్రుడైన సామాన్యుడి వెల 100 షిల్లింగులు. చంపినవాడు తెరిచి ఉన్న గోతి దగ్గరే 20 షిల్లింగులు కట్టాలి, మొత్తం నలభై రాత్రుల్లోగా ముట్టజెప్పాలి. వెస్సెక్స్‌లో సామాన్య రైతుకు 200, థేన్ అనే భూస్వామికి 1200. ఈ అంకె ఎంత బరువో తెలియాలంటే పశువుల్లోకి మార్చి చూడాలి. వెస్సెక్స్ షిల్లింగుకు ఐదు పెన్నీలు. పదో శతాబ్దపు లండన్ ధరల్లో ఎద్దు 30 పెన్నీలు. ఆ లెక్కన రైతు ప్రాణం సుమారు 33 ఎద్దులు, థేన్ ప్రాణం 200 ఎద్దులు. ఏ రైతూ ఒంటరిగా తీర్చగల మొత్తం కాదది. బంధువులంతా తలా కొంత వేసుకోవాలి కనుక, కుర్రవాడు కత్తి దూయకముందే అతన్ని అదుపులో పెట్టుకోవలసిన అవసరం ఇంటి పెద్దలకు కలిగింది. ఇదే న్యాయం బానిసకు వెర్‌గిల్డ్ ఇవ్వలేదు. బానిస చనిపోతే పశువు చనిపోయినట్టే యజమానికి ధర దక్కేది. మనిషి అంతస్తును బట్టి అతని కన్నీటి ధర మారేదన్న విషయాన్ని ఈ వ్యవస్థ ఎక్కడా దాచుకోలేదు, దానికి సిగ్గుపడనూ లేదు.

డబ్బు ముట్టకపోతే పగ మొదలవుతుంది. పగను రాజులు నిషేధించలేదు, నిషేధించే శక్తి వాళ్లకు లేదు. దానికి వేళలూ హద్దులూ పెట్టారు. సుమారు 890 ప్రాంతంలో వెలువడిన వెస్సెక్స్ రాజు ఆల్ఫ్రెడ్ చట్టం ప్రకారం, శత్రువు ఇంట్లోనే ఉన్నాడని తెలిసినవాడు ముందు న్యాయం అడగకుండా దాడి చేయకూడదు; ఇల్లు చుట్టుముట్టే బలం ఉంటే ఏడు రోజులు చుట్టుముట్టి ఉండవచ్చు గాని, లోపలివాడు బయటికి రానంత కాలం పోరాడకూడదు; లోపలివాడు ఆయుధాలు అప్పగించి లొంగిపోతే ముప్పై రోజులు ఒంటి మీద దెబ్బ పడకుండా ఉంచి, అతని బంధువులకు కబురు పంపాలి. ఆ ముప్పై రోజుల్లో మధ్యవర్తులు తిరుగుతారు, డబ్బు పోగవుతుంది, కోపం చల్లారుతుంది. ఆల్ఫ్రెడ్ మనవడు ఎడ్మండ్ 940ల్లో ఇంకో అడుగు వేసి, పగ చంపినవాడి ఒక్కడి మీదే ఉండాలని, బంధువులు అతన్ని వదిలేసి తిండీ ఆశ్రయం ఇవ్వకుండా ఉంటే వాళ్ల జోలికి ఎవరూ పోకూడదని శాసించాడు. బంధుత్వం మీద నిలిచిన న్యాయం రాజు చేతికి ఎలా జారిందో తెలుసుకోవాలంటే ఈ నిబంధన దగ్గర ఆగి చూడాలి: తనవాణ్ని వదులుకోవడం అప్పటిదాకా పరువు తక్కువ, ఇకపై అది చట్టం కాపాడే పని.

ఇదంతా బహిరంగంగా జరిగిన హత్య సంగతి. గుట్టుగా చంపి, చంపలేదని బొంకడాన్ని వాళ్లు మోర్త్ అని వేరే పేరుతో పిలిచారు. నేటి ఇంగ్లీషులో హత్యకు వాడే మర్డర్ అనే మాట ఆ కుదురులోనిదే. పదకొండో శతాబ్దంలో ఇంగ్లండును ఏలిన డెన్మార్క్ వంశపు రాజు క్నూట్ చట్టం, పరిహారంతో తీరని నేరాల జాబితాలో ఇల్లు కొల్లగొట్టడం, ఇల్లు తగలబెట్టడం, పట్టుబడిన దొంగతనం, యజమానికి ద్రోహం చేయడంతో పాటు మోర్త్‌నూ చేర్చింది. నలుగురి ముందు చేసిన హత్య మాత్రం ఆ జాబితాలో లేదు. దొంగను చంపినవాడికి కూడా ఇదే సూత్రం. పారిపోతున్న దొంగను చంపానని ప్రమాణం చేసి ప్రకటిస్తే ఆ దొంగ బంధువులు పగ పట్టబోమని ఒట్టు వేయాలి. అదే మనిషి విషయాన్ని దాచిపెట్టి, తర్వాత బయటపడితే, చచ్చింది నిజంగా దొంగే అయినా చంపినవాడు వెల కట్టాలని ఈనె చట్టం. చేతిలో ఉన్న న్యాయం మౌనం వల్ల పోయింది.

నేటి పాఠకుడికి వింతగా తోచేది, దొంగతనాన్ని ఈ చట్టాలు హత్య కంటే కఠినంగా చూడటం. కానీ పాడీ పంటా మీద బతికే ఊళ్లో రాత్రికి రాత్రి ఎద్దుల జత మాయమైతే ఆ ఏడాది దుక్కి లేదు. ఎవరు తోలుకుపోయారో తెలియదు కనుక పక్కింటివాణ్ని కూడా అనుమానించాలి. ఆ అనుమానం ఊరిని లోపలినుంచి తినేస్తుంది. అందుకే దొంగ అనిపించుకోకుండా ఉండవలసిన భారం ప్రతి మనిషి మీదా పడింది. బాట వదిలి అడవిలో నడిచే పరాయివాడు కేక వేయకుండా, కొమ్ము ఊదకుండా పోతే అతన్ని దొంగగానే ఎంచి చంపవచ్చు లేదా డబ్బు పుచ్చుకుని వదలవచ్చు. కెంట్ రాజు విట్రెడ్ 695లో చేసిన చట్టంలోనూ ఈనె చట్టంలోనూ ఈ నిబంధన ఇంచుమించు ఒకే మాటల్లో ఉంది. పశువును సాక్షుల ముందే కొనాలి. ఎడ్గార్ రాజు 960ల్లో ఒక్కో పెద్ద పట్టణానికి 36 మంది, చిన్న పట్టణానికీ హండ్రెడ్ అనే పరగణాకూ పన్నెండేసి మంది సాక్షులను ఎంపిక చేసి పెట్టమన్నాడు. సాక్షి లేకుండా కొన్నవాడు నిజాయితీపరుడే అయినా దానిని నిరూపించుకోలేడు.

దొంగ ఇంటివాళ్ల సంగతి కూడా దాచడం, తెలియడం అన్న కొలతతోనే తేలింది. ఇంటిల్లిపాదికీ తెలిసి దొంగతనం చేస్తే అందరూ బానిసలవుతారని, పదేళ్ల పిల్లవాణ్ని కూడా తెలిసినవాడి కిందే లెక్కవేయవచ్చని ఈనె చట్టం చెబుతుంది. భర్త దొంగిలించిన పశువును ఇంటికి తెస్తే, ఆ మాంసం రుచి చూడలేదని ప్రమాణం చేయగల భార్యకు ఆస్తిలో ఆమె మూడో వంతు మిగులుతుంది. మూడు వందల ఏళ్ల తర్వాత క్నూట్ చట్టం దీన్ని ఇంకా తేటపరిచింది: ఇంట్లో దొంగసొత్తు దొరికినంత మాత్రాన భార్య దోషి కాదు, ఎందుకంటే ఆ ఇంట్లోకి ఏది తేవద్దో భర్తకు చెప్పే అధికారం ఆమెకు లేదు, అయితే కొట్టుగది, భోషాణం, బీరువా తాళంచెవులు ఆమె అధీనంలో ఉంటాయి కనుక, సొత్తు వాటిలో దొరికితే ఆమె జవాబు చెప్పాలి. చట్టాల్లో స్త్రీ ప్రస్తావన అరుదు, వచ్చినప్పుడు ఎక్కువగా ఎవరో ఒకరి అధీనంలో వస్తుంది. ఇక్కడ మాత్రం ఒక గృహిణి నడుముకు వేలాడే తాళంచెవుల గుత్తి కళ్లకు కడుతుంది. అదే క్నూట్, ఉయ్యాలలోని పసిబిడ్డను కూడా తెలిసి చేసినట్టు దోషిగా ఎంచిన పాత అలవాటును గట్టిగా నిషేధించాడు. నిషేధించవలసి వచ్చిందంటే అది ఎక్కడో ఒకచోట జరిగి ఉండాలి.

దొంగల మీద అందరికంటే కత్తి గట్టినవాడు రాజు అథెల్‌స్టన్, పాలన 924 నుంచి 939 వరకు. పన్నెండేళ్లు దాటినవాడు 8 పెన్నీలకు మించిన సొత్తుతో పట్టుబడితే ప్రాణంతో వదలకూడదన్నాడు. అప్పటి ధరల్లో పంది 10 పెన్నీలు. అంటే పందిని ఎత్తుకుపోయిన పదమూడేళ్ల కుర్రవాడికి ఉరి. లండన్‌లో బిషప్పులు, పరగణా అధికారులు కలిసి జనాన్ని పది మంది చొప్పున గుంపులుగా కట్టి, ఏడాదికి తలా నాలుగు పెన్నీలు వసూలు చేసి, పశువు పోయినవాడికి ఆ నిధిలోంచి ధర చెల్లించే ఏర్పాటు చేశారు. దొంగను చంపడంలో ముందుండినవాడికి ఉమ్మడి సొమ్ములోంచి 12 పెన్నీలు బహుమతి. నెలకోసారి కూడి విందు చేసుకుని మిగిలిన తిండి బీదలకు పంచడం, సభ్యుడు చనిపోతే అతని ఆత్మ కోసం తలా ఒక రొట్టె ఇవ్వడం కూడా ఆ ఒప్పందంలోనే ఉన్నాయి. బీమా, కాపలా, వేట, భజన అన్నీ ఒకే కట్టుబాటులో ఇమిడిన ఆ పత్రం ఆ కాలపు ఊరి జీవితాన్ని చూపినంతగా మరేదీ చూపదు. దాని చివర్లో రాజు మాట ఒకటి ఉంది. ఇంత చిన్నవాళ్లను ఇంత కొద్దిపాటి తప్పుకు అన్నిచోట్లా చంపేస్తున్నారని విని, అది క్రూరమని తోచి, వయసు పదిహేనుకూ సొత్తు విలువ 12 పెన్నీలకూ పెంచుతున్నట్టు బిషప్ థియోడ్రెడ్ ద్వారా ఆర్చిబిషప్‌కు చెప్పి పంపాడు. ఎదురు తిరిగినా పారిపోయినా ఆ మినహాయింపు వర్తించదు.

నేరం మోపబడినవాడు కాదంటే రుజువు ఎలా? మొదట ప్రమాణం. నిందితుడు దేవుడి మీద ఒట్టు వేస్తాడు. అతనితో పాటు నిర్ణీత సంఖ్యలో తోటివాళ్లు ఆ ప్రమాణం స్వచ్ఛమైనదని ఒట్టు వేయాలి. వాళ్లు సంఘటన చూసిన సాక్షులు కారు, ఆ మనిషి మాట మీద నమ్మకం ఉన్నవాళ్లు. థేన్ ఒక్కడి ప్రమాణం ఆరుగురు రైతుల ప్రమాణాలకు సమానం. పరువున్నవాడికి ఇది సులువు. ఊళ్లో మంచి పేరు లేనివాడు, ఇంతకుముందు అబద్ధపు ఒట్టు వేసి దొరికినవాడు, బంధువులు దూరంగా ఉన్న పరదేశి తోడు నిలిచేవాళ్లను ఎక్కడినుంచి తేగలడు? నిజం దేవుడే తేలుస్తాడని నమ్మి పెట్టే దివ్యపరీక్ష ముఖ్యంగా ఇలాంటివాళ్లకే మిగిలింది.

ఆ పరీక్ష ఎలా జరగాలో వివరించే ఒక పాత ఇంగ్లీషు పత్రం ఉంది. నిందితుడు ముందు మూడు రోజులు రొట్టె, నీళ్లు, ఉప్పు, ఆకుకూరలతో ఉపవాసం ఉండాలి. చర్చిలో నిప్పు పెట్టాక పూజారి, నిందితుడు తప్ప ఎవరూ లోపలికి పోకూడదు. నిందితుడి పాదంతోనే తొమ్మిది అడుగులు కొలుస్తారు. ఇనుము కాలాక ఇరుపక్షాల నుంచి ఇద్దరేసి వెళ్లి, తగినంత కాలిందని ఒప్పుకోవాలి. తర్వాత ఇరుపక్షాల మనుషులు సమాన సంఖ్యలో లోపలికి వచ్చి చెరోవైపు బారులు తీరి నిలబడతారు; వాళ్లందరూ కూడా ఉపవాసం ఉండి, ఆ రాత్రి భార్యలకు దూరంగా ఉండి ఉండాలి. పూజారి మంత్రజలం చల్లి, అందరికీ సువార్త గ్రంథాన్నీ శిలువనూ ముద్దాడనిస్తాడు. ప్రార్థన మొదలైన క్షణం నుంచి ఎవరూ నిప్పు ఎగదోయకూడదు, మాట మాట్లాడకూడదు. నిందితుడు ఒక పౌను బరువున్న ఇనుమును, నేరం పెద్దదైతే మూడు పౌన్లదాన్ని, పట్టుకుని ఆ తొమ్మిది అడుగులు నడుస్తాడు. చేతికి గుడ్డ చుట్టి ముద్ర వేస్తారు. మూడో రోజున విప్పి చూస్తారు.

విప్పినప్పుడు చూసేది కాలిందా లేదా అని కాదు, కాలడం ఖాయం. పుండు చీము పట్టిందా, శుభ్రంగా మానుతోందా అన్నదే ప్రశ్న. దానికి జవాబు చెప్పేది పూజారి కన్ను. మానుతున్న పుండును రెండు రకాలుగానూ చదవవచ్చు, ఊరి అభిప్రాయం ఏమిటో పూజారికి తెలుసు. కనుక మూడు రోజుల గడువు దేవుడికిచ్చినదే అయినా, ఊరు కూడా ఆలోచించుకోవడానికి అది పనికివచ్చింది. మరుగుతున్న నీళ్లలోంచి రాయి తీయడం, తాడు కట్టి చల్లటి నీళ్లలోకి దించడం మరో రెండు పద్ధతులు. నీటిలో మునిగినవాడు నిర్దోషి, తేలినవాణ్ని నీరు తిరస్కరించినట్టు. పూజారి మీదే ఆరోపణ వస్తే మంత్రించిన ముద్ద నమలనిచ్చి, గొంతు దిగుతుందా అని చూసేవారు. దివ్యం అనే మాట మన ధర్మశాస్త్రాల్లోనూ ఇదే అర్థంలో ఉంది, బియ్యం నమిలించి చూసే పద్ధతీ ఉంది కనుక, తెలుగు పాఠకుడికి ఈ ముద్ద మరీ కొత్తదేమీ కాదు.

శిక్షల్లో చెరసాల పాత్ర చాలా తక్కువ. ఇచ్చిన మాట తప్పినవాణ్ని రాజు ఎస్టేటులో నలభై రోజులు ఉంచమని ఆల్ఫ్రెడ్ చెప్పాడు; తిండి బంధువులే పంపాలి. జరిమానా కట్టలేనివాడు బానిస అయ్యేవాడు. దొంగ నాణేలు వేసిన టంకసాలవాడి చేయి నరికి ఆ టంకసాలకే తగిలించాలని అథెల్‌స్టన్ చట్టం. పదకొండో శతాబ్దం తొలినాళ్లలో యార్క్ ఆర్చిబిషప్ వుల్ఫ్‌స్టన్ రాజుల తరఫున చట్టాలు రాసేటప్పుడు, కొద్దిపాటి తప్పుకు క్రైస్తవుణ్ని చంపవద్దని పదేపదే రాశాడు. ఆ దయకు రెండో ముఖం ఉంది. మళ్లీ మళ్లీ నేరం చేసినవాడి చేతులో కాళ్లో నరకాలి, ఇంకా పెద్ద నేరమైతే కళ్లు పీకాలి, ముక్కు, చెవులు, పైపెదవి కోయాలి, తల మీది చర్మం ఒలవాలి. ఇలా శిక్షిస్తూనే ఆత్మను కాపాడవచ్చునట. బతికి ఉంటే పశ్చాత్తాపపడే అవకాశం ఉంటుందన్నది ఆర్చిబిషప్ తర్కం. కోసిన ముఖంతో ఊళ్లో తిరిగే మనిషి తన నేరాన్ని ఇక ఎక్కడా దాచుకోలేడు.

ఉరి తీసినవాళ్లకూ ఆ గతే పట్టింది. తూర్పు ఇంగ్లండులోని సఫోక్‌లో, సటన్ హూ దగ్గరి మట్టిదిబ్బల్లో ఒకదాని కింద, ఓడతో సహా పాతిన రాజోచితమైన సమాధి 1939లో బయటపడింది. ఆ దిబ్బల పక్కనే తర్వాతి తవ్వకాల్లో దాదాపు నలభై మంది శిక్షితుల గోతులు, ఉరికొయ్య గుంజల గుంటలు కనిపించాయి. ఆ ఆమ్లపు ఇసుకలో ఎముకలు కరిగిపోయి, చేతులు వెనక్కి కట్టినట్టు, బోర్లా పడేసినట్టు ఉన్న మనుషుల ఆకారాలు మాత్రం ముదురు ఇసుకగా మిగిలాయి. ఇలాంటి స్థలాలు ఎక్కువగా పరగణాల సరిహద్దుల్లో, పాత దిబ్బల మీద, దారిన పోయేవాళ్లకు కనిపించేలా ఉంటాయి. భూమి హద్దులు చెప్పే దస్తావేజుల్లో తలలు గుచ్చిన గుంజలు హద్దురాళ్లతో సమానంగా పేర్కొనబడ్డాయి.

ఇంత కట్టుదిట్టమైన చట్టం ఆచరణలో ఎలా వంగేదో చూపే ఉత్తరం ఒకటి మిగిలింది. ఆల్ఫ్రెడ్ కొడుకు, రాజు ఎడ్వర్డ్‌కు పదో శతాబ్దం తొలినాళ్లలో రాసిన దాన్ని ఓర్డ్‌లాఫ్ అనే ప్రాంతాధిపతి రాశాడని సాధారణంగా భావిస్తారు. అందులోని కథ హెల్మ్‌స్టన్ అనే భూస్వామిది. అతను ఒకరి నడికట్టు దొంగిలించి పరువు పోగొట్టుకోగానే, విల్ట్‌షైర్‌లోని ఫాంట్‌హిల్ భూమి మీద ఎథెల్‌హెల్మ్ హిగా దావా వేశాడు. దొంగ ప్రమాణం చెల్లదు కదా. హెల్మ్‌స్టన్ తన మతధర్మపిత అయిన ఓర్డ్‌లాఫ్‌ను ఆశ్రయించాడు. మధ్యవర్తులు హెల్మ్‌స్టన్‌నే ప్రమాణం చేయనివ్వాలని తీర్పు చెప్పారు, హిగా దాన్ని పూర్తిగా ఒప్పుకోలేదు. అందరూ కలిసి రాజు దగ్గరికి వెళ్లి అడిగినప్పుడు ఆల్ఫ్రెడ్ రాజు వార్డర్‌లో తన గదిలో చేతులు కడుక్కుంటున్నాడని ఉత్తరం గుర్తుచేస్తుంది. చేతులు కడగడం అయ్యాక, ఇచ్చిన తీర్పు ఎందుకు న్యాయంగా లేదో చెప్పమని హిగాను అడిగాడు. హెల్మ్‌స్టన్ ప్రమాణం నెగ్గింది. ఆ ప్రమాణానికి తోడు నిలిచినందుకు ఓర్డ్‌లాఫ్‌కు భూమి దక్కింది. హెల్మ్‌స్టన్ బుద్ధిగా ఉన్నంతకాలం దాన్ని అనుభవించుకోవచ్చు.

ఒకటిన్నర, రెండేళ్లు ఉన్నాడు. తర్వాత ఫాంట్‌హిల్‌లో కాపలా లేని ఎద్దులను తోలుకుపోయాడు. జాడ పట్టినవాడు పశువులను విడిపించాడు. పారిపోతున్న హెల్మ్‌స్టన్ ముఖం మీద ముళ్లకంప గీసింది. నేను కాదని బొంకబోతే ఆ గీతనే అతని ముందు సాక్ష్యంగా పెట్టారు. ఆస్తి జప్తయింది, రాజు అతన్ని చట్టం వెలుపలివాడిగా ప్రకటించాడు. అయినా కథ ఉరికొయ్య దాకా పోలేదు. అతను చనిపోయిన ఆల్ఫ్రెడ్ సమాధిని ఆశ్రయించి అక్కడినుంచి ముద్ర తెచ్చాడు, రాజు వెలిని ఎత్తేసి బతకడానికి భూమి కూడా ఇచ్చాడు. పదమూడేళ్ల పందిదొంగకు ఇలాంటి ధర్మపిత ఉండడు.

ఫాంట్‌హిల్ భూమి వివాదం మళ్లీ లేచినందుకే ఓర్డ్‌లాఫ్ ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది. డబ్బుతోనూ ప్రమాణంతోనూ ముగించలేకపోతే ఏ దావా అయినా ఎప్పుడు ముగుస్తుందని అతను రాజును అడిగాడు. తోలు పత్రం వెనుకవైపు కొన్ని పంక్తులు ఉన్నాయి: రాజు వార్మిన్‌స్టర్‌లో ఉన్నప్పుడు ఎథెల్‌హెల్మ్ హిగా దావా వదులుకున్నాడు, చూసినవారు ఓర్డ్‌లాఫ్, ఓస్‌ఫెర్త్, ఓడా, విట్‌బోర్డ్, బట్టతల ఎల్ఫ్‌స్టన్, ఎథెల్‌నోత్.